వెలుతురు తక్కువ ఇంట్లో హోయా: బెంగళూరు ఫ్లాటులో పెంచడం, పేరు గుర్తుపట్టడం

మా ఫ్లాటు మారతహళ్లిలో రెండో అంతస్తు. హాలు కిటికీ తెరిస్తే ఎదుటి అపార్టుమెంటు గోడ చేయి చాపితే అందేలా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా పేపరు చదవాలంటే లైటు వేసుకోవాలి. ఈ ఇంట్లో మొదటి రెండేళ్లలో హోయా అనే తీగమొక్కలు ఐదు చనిపోయాయి. వెలుతురు చాలకే పోయాయని అందరికీ చెప్పుకున్నాను. ఐదో మొక్కను కుండీలోంచి లాగినప్పుడు మాత్రం వేర్లు నల్లబడి, నానిన సేమియాలా చేతికి వచ్చాయి. దాన్ని చంపింది చీకటి కాదు, నేను ప్రేమగా పోసిన నీళ్లు. వెలుతురు తగ్గితే మొక్క తాగే నీరు కూడా తగ్గుతుందన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. కుండీ, మట్టి, నీళ్లు, ఎరువు ఏది నిర్ణయించుకోవాలన్నా ముందు వెలుతురు సంగతి తేల్చుకోవాలి.

ముందుగా, ఈ తీగ ఎవరి చుట్టం?

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడు ఒక కొమ్మ తుంచి, కారిన పాలు చూసి "ఇది జిల్లేడుకు చుట్టంలా ఉందే" అంది. నిజంగా చుట్టమే. హోయా, జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం అన్నీ ఒకే కుటుంబంలోవి. జిల్లేడు పువ్వు నడుమ కిరీటంలాంటి నిర్మాణం ఉంటుంది కదా, అలాంటిదే హోయా పువ్వులోనూ ఉంటుంది. కాయ పగిలితే గింజలు దూదిపింజలతో ఎగిరిపోవడం కూడా జిల్లేడు తీరే.

1810లో స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ హోయా అనే పేరు పెట్టాడు. లండన్ దగ్గరి సయాన్ హౌస్‌లో తోటమాలిగా పనిచేసిన థామస్ హోయ్ గౌరవార్థం పెట్టిన పేరు అది. తోటమాలి పేరు ఒక ప్రజాతికే నిలిచిపోయింది కాబట్టి ఈ ముచ్చట నాకు ఇష్టం. హోయాలు ఎక్కువగా ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల మాను పట్టుకుని పెరుగుతాయి. మన దేశంలోనూ ఉన్నాయి: పడమటి కనుమల్లో పౌసిఫ్లోరా అనే రకం, హిమాలయాల్లో లీనియారిస్ అనే రకం. చెట్టు బెరడు మీద వాన కురవగానే తడిసి, కాసేపటికే గాలికి ఆరిపోయే వేర్లు ఇవి. ఎర్రమట్టి నింపిన కుండీలో వాటికి ఊపిరాడదు.

మొదటి మెట్టు: వెలుతురు కొలవండి

మన కన్ను వెలుతురు విషయంలో నమ్మదగిన సాక్షి కాదు. చీకటిగదిలోకి వెళ్తే పాప విచ్చుకుని సర్దుకుపోతుంది, ఆకు అలా సర్దుకోలేదు. ఫోనులో లక్స్ మీటరు యాప్ ఒకటి వేసుకోండి, అది వెలుతురును లక్సుల్లో కొలిచి చూపిస్తుంది. అంకెలు అచ్చంగా సరిపోకపోయినా, ఇంట్లో ఒక చోటికీ మరో చోటికీ ఉన్న తేడా తెలియడానికి చాలు. ఆకు ఉండబోయే చోట ఫోను పెట్టి, తెర కిటికీ వైపు తిప్పి, ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి మూడు రోజులు కొలిచి రాసుకోండి. మబ్బు రోజు ఒకటి ఉంటే మరీ మంచిది.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సు దాకా ఉంటుంది. ఎండ పడని మంచి కిటికీ అంచున మూడు వేల నుంచి ఎనిమిది వేలు ఉండవచ్చు. అక్కడి నుంచి నాలుగడుగులు లోపలికి వస్తే వెయ్యికి దిగువకు పడిపోతుంది. సోఫా పక్క మూల రెండు వందలు ఉంటే గొప్ప. నా అనుభవంలో ఐదు వందల లోపు హోయా బతకదు, నెమ్మదిగా చస్తుంది. వెయ్యి, రెండు వేల మధ్య బతుకుతుంది కాని ఏడాదికి నాలుగైదు ఆకులు వేస్తుంది. మూడు వేలు దాటితే తీగ సాగుతుంది. పూలు కావాలంటే ఐదు వేలు, ఆపైన చూసుకోవాలి.

ఫోను లేకుండానే చూడాలంటే తెల్ల కాగితం మీద ఒక అడుగు ఎత్తులో చేయి పెట్టండి. నీడ అంచు స్పష్టంగా ఉంటే మంచి వెలుతురు. మసకగా ఉంటే నడిమిరకం. నీడే లేకపోతే అక్కడ మొక్కకు బదులు బొమ్మ పెట్టుకోండి.

మన ఇళ్లలో ఒక దొంగ ఉన్నాడు: దోమల జాలీ. మా పడకగది కిటికీ దగ్గర జాలీ వేసి కొలిస్తే 1,900, తీసి కొలిస్తే 2,600. జాలీ తీసేయమని చెప్పను, ఈ ఊళ్లో దోమలతో అది కుదరదు. నెలకోసారి తడిబట్టతో దుమ్ము తుడిచినా కొంత వెలుతురు తిరిగొస్తుంది.

ఇక దిక్కుల సంగతి. విదేశీ పుస్తకాల్లో ఉత్తరపు కిటికీ అంటే ఏడాదంతా ఎండ పడనిదని రాస్తారు. బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు నడిమి వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు బాల్కనీకి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ దొరుకుతుంది. డిసెంబరులో అదే సూర్యుడు దక్షిణానికి వంగి, దక్షిణపు కిటికీలోంచి గది లోపలికి తొంగి చూస్తాడు. అందుకే నా మొక్కలు ఏడాదికి రెండుసార్లు కాపురం మారుస్తాయి: మే నెలలో ఉత్తరపు బాల్కనీకి, నవంబరు చివర దక్షిణపు కిటికీకి. మార్చి, ఏప్రిల్ పడమటెండకు మాత్రం నేరుగా పెట్టకండి. నీడలో పెరిగిన ఆకు రెండు రోజుల్లో తెల్లగా మాడుతుంది.

వెలుతురు ఎక్కడా చాలకపోతే? ఊదారంగు కాంతి చిమ్మే ఖరీదైన దీపాలు అక్కర్లేదు. మామూలు 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైటు అరమారలో బిగించి, దాని కింద ఒక అడుగు దూరంలో మొక్కలు పెట్టండి. ఒక ట్యూబుకు పదిహేను వందల నుంచి రెండు వేల లక్సు వస్తుంది, రెండు పక్కపక్కన బిగిస్తే దాదాపు రెట్టింపు. రోజుకు 12 గంటలు వెలిగిస్తే ఒక ట్యూబుకు నెలకు ఏడు యూనిట్ల కరెంటు అవుతుంది. టైమరు ప్లగ్గు పెట్టుకుంటే మర్చిపోయే బాధ ఉండదు. రాత్రి చీకటి కూడా మొక్కకు అవసరమే, 24 గంటలూ వెలిగించవద్దు.

రెండో మెట్టు: మీ వెలుతురుకు సరిపోయే మొక్కను కొనండి

లాల్‌బాగ్‌లో జనవరి, ఆగస్టు నెలల్లో జరిగే పుష్ప ప్రదర్శనలకు వెళ్లినప్పుడు చేతులు ఊరుకోవు. పక్కనే సిద్ధాపుర నర్సరీల వీధి ఉంది, అక్కడ మరీ ఊరుకోవు. ముందు మీ ఇంటి లక్సు అంకె గుర్తు చేసుకోండి.

రెండు వేల లోపైతే ప్యూబికాలిక్స్, పచ్చ ఆకుల కార్నోసా అనే హోయా రకాలు. ఇవి మొండి ఘటాలు. మూడు వేలుంటే ఆస్ట్రాలిస్, లాక్యునోసా, ఒబోవాటా. ఆకు అంచున గానీ మధ్యలో గానీ తెలుపు, గులాబీ చారలున్న రకాలకు పచ్చదనం తక్కువ కాబట్టి అవే తిండి తయారుచేసుకోవడానికి ఎక్కువ వెలుతురు అడుగుతాయి. మసక ఇంట్లో వాటి జోలికి వెళ్లకండి. లీనియారిస్ చల్లదనాన్ని కోరుతుంది, చెన్నై వేసవిలో అల్లాడుతుంది. బెంగళూరు గాలి దానికి సరిపోతుంది కాని చీకటి సరిపోదు.

హృదయాకారపు ఒక్క ఆకును చిన్న కుండీలో గుచ్చి అమ్ముతారు, ఫిబ్రవరిలో మరీ ఎక్కువ. అది కెర్రీ అనే హోయా ఆకు. కణుపు లేకుండా ఆకు ఒక్కటే నాటితే వేర్లు వస్తాయి, పచ్చగా ఏళ్ల తరబడి ఉంటుంది, తీగ మాత్రం రాదు. ఒక దుకాణంలో 250 రూపాయలు పోసి కొన్నాను. అమ్మినతను ఆరు నెలల్లో తీగ సాగుతుందన్నాడు. నాలుగేళ్లయింది, అదే ఒక్క ఆకు మా పుస్తకాల అరలో నిలబడి నన్ను చూస్తోంది. కొనేముందు ఆకు కాడ దగ్గర కాండం ముక్క, దాని మీద కణుపు ఉన్నాయో లేదో మట్టి కదిపి చూడండి.

మూడో మెట్టు: పేరు గుర్తుపట్టడం

నర్సరీ చీటీని నమ్మకండి. సగం కుండీలకు "హోయా" అని మాత్రమే ఉంటుంది, మిగిలిన సగానికి తప్పు పేరు ఉంటుంది. పైగా మసక ఇంట్లో ఆకే మారువేషం వేస్తుంది. వెలుతురు తగ్గితే ఆకు పెద్దదవుతుంది, పలచబడుతుంది, ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఎండలో వచ్చే ఎరుపు ఛాయ మాయమవుతుంది. కాబట్టి రంగును, పరిమాణాన్ని పక్కన పెట్టి, మారని గుర్తులు చూడాలి.

మొదట అసలు హోయానో కాదో తేల్చండి. ముదిరిన ఆకు కొస కొంచెం గిల్లితే చాలా హోయాలకు పాలు వస్తాయి. చూడటానికి హోయాలా ఉండే పెపరోమియాకు రావు. హోయా ఆకులు ఎక్కువగా ఒక్కో కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా ఉంటాయి, మనీప్లాంటుకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోండి, చేతులు కడుక్కోండి. కుక్కలకు, పిల్లులకు హోయా విషం కాదు.

తరవాత ఈ నాలుగు చూడండి: ఆకు కొస ఆకారం, ఈనెలు పైకి తేలాయా లేదా, ఆకు వెనక నూగు ఉందా, మందం ఎంత. లాటిన్ పేర్లు ఇక్కడ పనికొస్తాయి, ఎందుకంటే చాలావరకు అవి వర్ణనలే. కార్నోసా అంటే కండగలది. లీనియారిస్ అంటే గీతలా సన్ననిది, దాని ఆకులు మెత్తని నూగుతో పచ్చ నూలుపోగుల్లా వేలాడతాయి. ఒబోవాటా అంటే తిరగేసిన గుడ్డు, ఆకు కొస వైపు వెడల్పు. లాక్యునోసా అంటే గుంటలున్నది, చిన్న ఆకు పైభాగం లోపలికి పల్లంగా ఉంటుంది.

బాగా తికమక పెట్టే జంట కార్నోసా, ప్యూబికాలిక్స్. కార్నోసా ఆకు పొట్టిగా, గుండ్రతనం వైపు మొగ్గుతుంది. ప్యూబికాలిక్స్ ఆకు సన్నగా, పొడుగ్గా, కొస కోసుగా ఉంటుంది. వెండి చుక్కలు చల్లినట్టున్న ఆకు చూసి వెంటనే ప్యూబికాలిక్స్ అనేస్తారు, నేనూ అన్నాను. చుక్కలు రెండింటిలోనూ రావచ్చు. తీర్పు పువ్వుదే. కార్నోసా పువ్వు లేత గులాబీ రంగులో, నడుమ ఎర్రటి చుక్కతో ఉంటుంది. ప్యూబికాలిక్స్ గులాబీ నుంచి దాదాపు నేరేడు నలుపు దాకా పోతుంది. పూరేకుల వెనకనున్న చిన్న పచ్చటి రక్షకపత్రాల మీద నూగు ఉంటుంది, దాని పేరుకు అర్థమే అది. భూతద్దం పెట్టి చూడండి.

కెర్రీకి, ఒబోవాటాకు తేడా సులువు. రెండూ మందపాటి గుండ్రని ఆకులే కాని కెర్రీ ఆకు కొస లోపలికి నొక్కుకుపోయి హృదయంలా ఉంటుంది, ఒబోవాటా కొస గుండ్రం, మీద తరచుగా వెండి చుక్కలు. థాయ్‌లాండ్‌లో పనిచేసిన కెర్ అనే ఐరిష్ వైద్యుడు సేకరించిన మొక్క కాబట్టి కెర్రీ అయింది. వయేటీ, కెంటియానా అనే సన్నాకుల జంట సంగతికి వస్తే, నర్సరీల్లో ఒకదాని పేరు మీద ఇంకొకటి ఎంతగా తిరుగుతోందంటే, పూచే వరకు పేరు రాయకపోవడమే మేలు.

వాసన కూడా సాక్ష్యమే. చాలా హోయాలు రాత్రిపూట పరిమళిస్తాయి. లాక్యునోసాది దాల్చినచెక్కకు దగ్గర. పేరు కనుక్కోవడానికి ఎవరికైనా ఫొటో పంపితే ఆకు ముందు, వెనక, కణుపు, పువ్వు ముందు, పువ్వు పక్క నుంచి ఐదు ఫొటోలు తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది.

నాలుగో మెట్టు: కుండీ, మట్టి

కొన్న వారం తరవాత నర్సరీ మట్టి మార్చండి. చాలా కుండీల్లో ఎర్రమట్టి గానీ, గట్టిగా దిమ్మకట్టిన కొబ్బరిపొట్టు గానీ ఉంటుంది. వేర్లను గోరువెచ్చని నీళ్లలో కదిపి మట్టి వదిలించండి, పీకవద్దు.

నా మిశ్రమం ఇది: కొబ్బరి డొక్క ముక్కలు రెండు పాళ్లు, పెర్లైట్ (తెల్లటి, తేలికైన గుల్లరాయి గుళికలు) ఒక పాలు, చితక్కొట్టిన కట్టెబొగ్గు అరపాలు, వర్మికంపోస్టు అరపాలు. డొక్క ముక్కలను రాత్రంతా నానబెట్టి, గోధుమరంగు నీళ్లు తేటపడే వరకు రెండు మూడుసార్లు కడగాలి, వాటిలో ఉప్పు ఉంటుంది. పిడికిట్లో పిసికి వదిలితే ముద్దకట్టకుండా రాలిపోవాలి.

మసక ఇంటికి ప్లాస్టిక్ కంటే మట్టి కుండీ నయం, గోడల గుండా తడి ఆరుతుంది. వేళ్ల గుత్తి కంటే అంగుళం పెద్దది చాలు. "రేపు పెరుగుతుంది కదా" అని పెద్ద కుండీ కొనడం పిల్లవాడికి రెండు సైజులు పెద్ద చొక్కా కొనడం లాంటిది కాదు. చొక్కా తడిసి ఉండిపోదు.

ఐదో మెట్టు: నీళ్లు

వారానికోసారి అనే లెక్క మానేయండి. ముదిరిన ఆకు ఒకటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా మడవండి. గట్టిగా ఎదురుతిరిగితే మొక్కకు దాహం లేదు. మెత్తగా వంగితే నీళ్లు పోయండి. కొత్త ఆకుతో ఈ పరీక్ష చేయకండి, అవి ఎప్పుడూ మెత్తగానే ఉంటాయి. రెండో పరీక్ష చీపురుపుల్ల: అడుగుదాకా గుచ్చి ఐదు నిమిషాలు ఉంచి తీయండి, తడి అంటితే ఆగండి. రెండూ సరే అన్నప్పుడే కింద రంధ్రంలోంచి కారేలా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. రెండు వేల లక్సు చోట నాకు వేసవిలో పది రోజులకోసారి, ఆగస్టు, సెప్టెంబరు ముసురులో ఇరవై రోజులకోసారి అవసరమవుతుంది.

ఆకులు వడలి, మట్టి తడిగానే ఉంటే అది దాహం కాదు, వేర్లు కుళ్లడం. ఇక్కడే నేను ఐదుసార్లు నీళ్లు పోశాను. మొక్కను బయటికి తీసి, నల్లబడిన వేర్లన్నీ కత్తిరించి, నీడలో ఒక రోజు ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటండి. కాండం కూడా మెత్తబడితే ఆరోగ్యంగా ఉన్న కొమ్మలు కోసుకుని, కింద చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి.

ఏ నీళ్లు అన్నది ఈ నగరంలో పెద్ద ప్రశ్న. కావేరి నీరు వస్తే అదృష్టం. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు పోస్తూ ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. చాలా అపార్టుమెంట్లలో బోరు నీటిని మెత్తబరిచే యంత్రం ఉప్పుతో నడుస్తుంది, ఆ నీళ్లలో సోడియం చేరుతుంది కాబట్టి మొక్కకు అవి ఇంకా చేటు. ఆర్ఓ యంత్రం వదిలేసే నీళ్లు కూడా వద్దు, లవణాలన్నీ వాటిలోనే పోగవుతాయి. ఏసీ నుంచి కారే నీళ్లు, వాననీళ్లు పట్టుకోండి. ఏవీ దొరక్కపోతే ఉన్న నీళ్లే పోస్తూ, వానాకాలంలో రెండుమూడుసార్లు కుండీని బాల్కనీ అంచున వానలో కడగనివ్వండి.

ఎరువు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మే నుంచి అక్టోబరు వరకు నెలకోసారి, డబ్బా మీద రాసినదాంట్లో సగం. డిసెంబరు, జనవరిలో అసలు వద్దు.

ఆరో మెట్టు: పురుగులు

కొత్త మొక్కను మూడు వారాలు విడిగా ఉంచండి. ఆకు కాడ కణుపును కలిసే సందుల్లో దూదిలా కనిపించేది పిండినల్లి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటి తుడిచి, మర్నాడు సాయంత్రం లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెలు తోమే ద్రవం కలిపి పిచికారీ చేయండి. వారం ఎడంతో మూడుసార్లు చేయాలి. చీమల బారు కుండీ ఎక్కుతుంటే పిండినల్లి ఎక్కడైనా ఉందేమో వెతకండి. లేత కొసల మీద పసుప్పచ్చగా గుంపు కట్టేది పేనుబంక. జిల్లేడు మీద చూసే ఆ పసుపు పురుగే, చుట్టరికం దానికీ తెలుసు. కుళాయి ధారకు కొట్టుకుపోతుంది.

ఏడో మెట్టు: కొమ్మలు నాటడం

రెండు కణుపులున్న కొమ్మ కోసి, పాలు ఆగే వరకు గంటసేపు పక్కన పెట్టండి. కింది కణుపు ఆకులు తీసేసి, ఆ కణుపు మునిగేలా గాజు సీసాలో నీళ్లు పోసి ట్యూబులైటు కింద పెట్టండి. వేర్లు రెండంగుళాలైతే మిశ్రమంలోకి మార్చండి. జూన్‌లో నెలలోపే వేర్లు వస్తాయి, డిసెంబరులో రెండు నెలలు కూడా పట్టవచ్చు.

పూల కోసం ఓపిక

ఆకుల్లేని పొడవాటి బోడి తీగ గాలిలో వెతుక్కుంటూ సాగుతుంది. ఎండిందనుకుని కత్తిరించకండి. పట్టు దొరికాక దానికే ఆకులు వస్తాయి. వెదురుపుల్లకు వదులుగా చుట్టండి. మొగ్గ కనిపించాక కుండీని తిప్పడం, చోటు మార్చడం మానండి, మొగ్గలు రాల్చేస్తుంది.

మా ప్యూబికాలిక్స్ ట్యూబులైట్ల కింద, కిటికీ పక్కన నాలుగో ఏట పూసింది. మొగ్గలు ఐదు మూలల మైనపు పొట్లాల్లా నెల రోజులు కదలకుండా ఉండి, ఒక రాత్రి ఎనిమిది గంటలప్పుడు ఒకటి తరవాత ఒకటి విచ్చుకున్నాయి. నక్షత్రం మీద నక్షత్రం పేర్చినట్టు పువ్వు, నడుమ తేనెచుక్క. మర్నాటికి కింద గచ్చు జిగురు జిగురుగా ఉంది. తడిబట్టతో వెంటనే తుడవకపోతే చీమలు వస్తాయి.

పూలు రాలాక మిగిలే పొట్టి కాడను కత్తిరించకూడదు. చాలా హోయాలు మళ్లీ ఏటా ఆ కాడ కొసనుంచే పూస్తాయి. బెల్లా లాంటి కొన్ని మాత్రం కాడను తామే రాల్చేస్తాయి. మా మొదటి కాడను అమ్మ "ఎండుపుల్ల ఎందుకు" అని తుంచేసింది. ఇప్పుడున్న ప్రతి కాడకూ ఎర్ర దారం కట్టాం. అమ్మ వచ్చినప్పుడల్లా ముందు దారాలు లెక్కపెట్టి, ఆ తరవాతే కత్తెర అడుగుతుంది.